వేగం పుట్టించాక ఎక్కడ ఖర్చు పెట్టాలి? లాంచ్ కోస్టర్ల లేఅవుట్ మీద చర్చ

పట్టాలపిచ్చి | కొలోన్

కింగ్డా కా అనే లాంచ్ కోస్టర్ (రైలును గొలుసుతో ఎత్తకుండా యంత్రమే వేగంగా నెట్టే రోలర్ కోస్టర్) కూల్చివేత వీడియోను ఎవరో ఒకరు మళ్లీ మళ్లీ ఇక్కడ పెడుతున్నారు. కింద నివాళులు సాగుతూనే ఉన్నాయి. 2025 ఫిబ్రవరి 28న న్యూజెర్సీలో ఆ 139 మీటర్ల గోపురం కూలడం చూసి నాకూ బాధ కలిగింది. బాధను కాస్త పక్కన పెట్టి ఒక ప్రశ్న వేస్తున్నాను. లేఅవుట్‌గా, అంటే పట్టా సాగే దారిగా, చూస్తే అందులో ఉన్నదేమిటి? మూడున్నర సెకన్లలో గంటకు 206 కిలోమీటర్ల వేగం, నిట్టనిలువుగా పైకి, మెలితిరుగుతూ కిందికి, ఒక గుట్ట, వెంటనే బ్రేకులు. 2005లో ప్రపంచంలో మరే కోస్టరూ అందుకోని వేగాన్ని పుట్టించి చివరికి బ్రేకులకు ధారపోశారు. ఒకటో తారీఖున జీతమంతా తీసుకుని ఆ సాయంత్రమే ఒక్క విందుకు ఊదేసినట్టు!

దీనికి ఎదురుగా నేను పెట్టేది టారోన్. కొలోన్ పక్కనే బ్రూల్‌లో ఫాంటాసియాలాండ్ అనే పార్కు ఉంది. చుట్టూ ఇళ్లు ఉండటం వల్ల అక్కడ ఎత్తుకు కట్టడాలు పెట్టుకునే వీలు లేదు, కాబట్టి నేలను తవ్వి లోపలికి దించుతారు. 2016లో ఇంటమిన్ సంస్థ అక్కడ కట్టిన టారోన్ ఎత్తు 30 మీటర్లు, వేగం 117 కిలోమీటర్లు. రికార్డుల పట్టికలో ఎక్కడో అడుగున ఉంటుంది. ఒక్క తలకిందుల మలుపు కూడా లేదు. కానీ 1,320 మీటర్ల పట్టా తనను తానే 58 చోట్ల దాటుతుంది. రెండు లాంచ్‌లు. మొదటి దాంతో వచ్చిన వేగం మలుపుల్లో అరుగుతోంది అనుకునే సమయానికి రెండోది వస్తుంది, అదీ మొదటిదానికన్నా గట్టిగా.

నా వాదన ఇది: ఎంత గట్టిగా నెట్టారన్నది రెండో ప్రశ్న. నెట్టిన తరువాతి మూడు సెకన్లు రైలు ఎటు పోయింది, వేగం తగ్గినప్పుడు ఏం చేశారు అన్నవే అసలు ప్రశ్నలు. ఒప్పుకోనివాళ్లు రండి.


ఎడిసన్‌వాసి | న్యూజెర్సీ

ఒప్పుకోను. మొదటగా చెప్పాల్సిందేమిటంటే, కాగితం మీద గీతను చూసి లేఅవుట్‌ను కొలవకూడదు. కింగ్డా కాలో రైలు లాంచ్ దారి మీదకు వచ్చి ఆగేది. కొంచెం వెనక్కి జరిగేది. కింద బ్రేకు రెక్కలు వరసగా దిగిపోయేవి. ఆ తరువాత ఎన్ని క్షణాలకు వదులుతారో తెలియదు. రైడ్ నిడివి లెక్కలో ఈ నిరీక్షణను ఎవరూ గౌరవించరు. నా దృష్టిలో లేఅవుట్‌లో మొదటి అంశం అదే.

రెండోది, టాప్ హ్యాట్ (నిలువుగా ఎక్కి నిలువుగా దిగే ఆ గోపురం) దిగేటప్పుడు పట్టా 270 డిగ్రీలు తిరుగుతుంది. నిలువునా కిందికి పడుతూ తిరగడం మీ టారోన్‌లో ఎక్కడుంది? ఆ తరువాత 39 మీటర్ల గుట్ట కూడా ఉత్తుత్తి గుట్ట కాదు. మా జిల్లాల్లో చాలా పార్కులకు అదే పెద్ద కోస్టర్ అయ్యేది.

మూడోది, అసలు దానికి తరువాత ఏదో ఉండాలని ఎందుకు? ఒక్క పని, పూర్తిగా. ఎక్కినవాళ్లలో మర్చిపోయినవాళ్లను చూపించండి.


మోటారుమాస్టారు | విశాఖపట్నం

ఇద్దరూ వేగం గురించి మాట్లాడుతున్నారు గాని అది ఎలా పుట్టిందన్నది వదిలేశారు. లేఅవుట్‌ను శాసించేది అదే.

కింగ్డా కా, దానికి రెండేళ్ల ముందు ఒహాయోలో వచ్చిన టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్, ఇవి హైడ్రాలిక్ లాంచ్ మీద నడిచినవి. ఇంటమిన్ ఈ పద్ధతిని మొదట 2002లో కాలిఫోర్నియాలోని ఎక్సెలరేటర్‌లో పెట్టింది. నత్రజని నింపిన సిలిండర్లలోకి పంపులు నూనెను తోసి ఒత్తిడి పెంచి పెడతాయి. వదిలే క్షణంలో ఆ ఒత్తిడంతా హైడ్రాలిక్ మోటార్ల మీదకు వస్తుంది. అవి పెద్ద డ్రమ్మును తిప్పుతాయి, డ్రమ్ము ఉక్కు తాడును చుట్టుకుంటుంది, తాడుకు కట్టిన చిన్న బండి రైలును లాక్కుపోతుంది. నిమిషంపాటు కూడబెట్టిన శక్తి మూడు నాలుగు సెకన్లలో బయటికి! కరెంటు సరఫరా మీద ఒక్కసారిగా భారం పడదు, అది దాని గొప్పతనం. కానీ తాడు ఒకటే, అది ఒకే దిక్కుకు లాగుతుంది, లాగడం కూడా స్టేషన్ ఎదుట ఉన్న తిన్నని దారిలోనే. రైడ్ మధ్యలో ఇంకో చోట ఇంకో నెట్టు కావాలంటే మరో యంత్రశాల కట్టాలి. అందుకే ఈ తరం కోస్టర్లన్నీ ఒక్క నెట్టు, ఒక పెద్ద టాప్ హ్యాట్ అన్న మూసలో పడ్డాయి. రూపకర్తల ఊహాశక్తి లోపం అంటే నేను ఒప్పుకోను.

చిన్న లెక్క. సెకనుకు 57.2 మీటర్ల వేగంతో పైకి వదిలిన వస్తువు రాపిడి లేకపోతే సుమారు 167 మీటర్లు ఎక్కుతుంది. గోపురం 139 మీటర్లు. మిగిలిన 28 మీటర్ల విలువ గాలికి, చక్రాలకు, శిఖరం దాటడానికి కావలసిన కొద్దిపాటి వేగానికి. మార్జిన్ చాలా తక్కువ. ఎదురుగాలి వీచినా, చలికి నూనె చిక్కబడినా, రైలు బరువు మారినా శిఖరం దగ్గర తేడా కనిపిస్తుంది. ఒక్కోసారి దాటలేక వెనక్కి జారేది.


ఎడిసన్‌వాసి | న్యూజెర్సీ

వెనక్కి జారడం కోసమే జనం ఎదురుచూసేవారు మాస్టారూ! టిక్కెట్టు ఒకటి, లాంచ్‌లు రెండు.


క్యూలైన్ | కొలంబస్, ఒహాయో

చదువుకునే రోజుల్లో వేసవి సెలవుల్లో ఒక పార్కులో కోస్టర్ నడిపే బృందంలో పని చేశాను. ఏ పార్కో అడగకండి. వెనక్కి జారడం ఎక్కినవాళ్లకు పండుగ, నడిపేవాళ్లకు కాదు. లాంచ్ దారిలో రైలు వెళ్లగానే వెనుక బ్రేకు రెక్కలు మళ్లీ పైకి లేస్తాయి. రైలు వెనక్కి వస్తే వాటి మధ్యకు వచ్చి నెమ్మదించి ఆగుతుంది. అయస్కాంతపు బ్రేకులు కాబట్టి కరెంటు పోయినా పని చేస్తాయి. ప్రమాదం ఏమీ లేదు. కానీ ఆ కాసేపు మిగతా రైళ్లన్నీ ఎక్కడివక్కడ నిలబడాలి, వరుసలో రెండు వేల మంది మనవైపు చూస్తుంటారు.

పట్టాలపిచ్చి గారి ప్రశ్నకు నా జవాబు వేరే వైపు నుంచి. రెండో లాంచ్ వల్ల వచ్చే అతిపెద్ద లాభం వేగం కాదు, బ్లాకులు.

ఒకేసారి రెండు మూడు రైళ్లు తిరగాలంటే పట్టాను బ్లాకులుగా విడగొట్టాలి. ఒక బ్లాకులో ఒకే రైలు. ముందున్న బ్లాకు ఖాళీ కాకపోతే వెనుక రైలు ఆగగలగాలి. కాబట్టి రైడ్ మధ్యలో ఎక్కడో బ్రేకులు తప్పవు. మామూలు కోస్టర్‌లో మధ్యలో బ్రేకు వేస్తే ఆ తరువాత సగం రైడ్ నీరసపడుతుంది. 1996లో వచ్చిన తొలి లాంచ్ కోస్టర్లలో ఒకటైన ఫ్లైట్ ఆఫ్ ఫియర్ ఎక్కినవాళ్లకు తెలుసు, చీకట్లో ఉరుకుతూ ఉరుకుతూ మధ్య బ్రేకుల మీద దాదాపు ఆగిపోతుంది. మిగతాది పాకుడే. అదే మధ్యలో ఒక లాంచ్ ఉంటే రైలును అక్కడ పూర్తిగా ఆపినా నష్టం లేదు. మళ్లీ నెట్టే యంత్రం అక్కడే ఉంది. ఆగాల్సిన చోటునే పరుగు మొదలయ్యే చోటుగా మార్చుకున్నారు. ఇది చూసేవాళ్లకు కనిపించదు, గంటకు ఎంతమంది ఎక్కారన్న లెక్కలో కనిపిస్తుంది.


పట్టాలపిచ్చి | కొలోన్

క్యూలైన్ గారూ, ఇది నా వాదనకన్నా బలమైన వాదన. దీన్ని నా ఖాతాలో వేసుకుంటున్నాను.


రావిర్యాల రాజు | హైదరాబాద్

పెద్దల మధ్య దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. మా వండర్‌లాలో రీకాయిల్ ఉంది కదా, అది కూడా వెనక్కి తీసుకెళ్లి ఒక్కసారిగా వదులుతుంది. అది లాంచ్ కిందికి రాదా? మన దేశంలో అసలు లాంచ్ కోస్టర్ ఉందా?


క్యూలైన్ | కొలంబస్, ఒహాయో

రాదు రాజు గారూ. రీకాయిల్ వెకోమా వాళ్ల బూమరాంగ్ నమూనా. తాడుతో రైలును వెనక్కి ఎత్తు మీదకు లాగి వదిలేస్తారు. పడటం మాత్రం భూమ్యాకర్షణ వల్లే. తాడు ఇచ్చింది ఎత్తు, వేగం కాదు. లాంచ్ అంటే సమతలం మీద, లేదా ఎక్కుతున్న వాలు మీద, యంత్రమే నేరుగా వేగం ఇవ్వాలి.

మన దేశంలో అంటే ఖోపోలీ దగ్గర ఇమాజికాలో డీప్ స్పేస్ ఉంది. ప్రీమియర్ రైడ్స్ తయారీ, భవనం లోపల చీకట్లో లాంచ్. 2013లో పార్కుతో పాటు వచ్చింది. ఫ్లైట్ ఆఫ్ ఫియర్ కట్టిందీ వీళ్లే.


సీతాఫలం | డాలస్

ఇంతవరకూ మాట్లాడినవాళ్లందరూ పొడవాటి మగవాళ్లలా ఉన్నారు. కాస్త నా గోడు వినండి.

ఆర్లింగ్టన్ పార్కులో మా ఇంటిల్లిపాదీ ఎక్కేది మిస్టర్ ఫ్రీజ్. 1998 నాటిది, ప్రీమియర్ వాళ్లదే. గంటకు 113 కిలోమీటర్ల లాంచ్, 66 మీటర్ల నిలువు పట్టా చివరిదాకా వెళ్లి అదే దారిలో తిరిగి రావడం. 2012లో రైళ్లను తిప్పి పెట్టారు, ఇప్పుడు లాంచ్ వెనక్కి. పట్టా అంగుళం మారలేదు, రైడ్ మొత్తం మారిపోయింది. ఎటు నెడుతున్నారో కనిపించకపోవడం వల్ల మెడ, పొట్ట రెండూ ఆశ్చర్యపోతాయి. మీ లేఅవుట్ చర్చలో దీన్ని ఏ గడిలో పెడతారు?

ఇంకో మాట. ఒర్లాండోలో 2019లో వచ్చిన హాగ్రిడ్ మోటార్‌బైక్ కోస్టర్‌లో ఏడు లాంచ్‌లు ఉన్నాయి. గరిష్ఠ వేగం 80 కిలోమీటర్లే. చిన్న నెట్టు, మలుపులు, చిన్న నెట్టు, ఒక నిలువు పట్టా ఎక్కి వెనక్కి, అక్కడి నుంచి పట్టాతో సహా కిందికి జారడం. మా అత్తగారు కూడా ఎక్కారు, దిగి ఇంకోసారి అన్నారు. జీతం ఒకేసారి ఇస్తే ఊదేస్తారని పట్టాలపిచ్చి గారి ఫిర్యాదు. ఇక్కడ రోజు కూలీ ఇస్తున్నారు, అందరూ సుఖంగా ఉన్నారు.

రికార్డు వేగాలన్నీ ఎత్తు, ఆరోగ్యం, ధైర్యం ఉన్న కొద్దిమందికే. లాంచ్ సాంకేతికత వల్ల నిజంగా లాభపడ్డది మధ్యతరహా కోస్టర్లు. అది మీ జాబితాలో ఎక్కడా లేదు.


ఎడారిగాలి | అబుదాబి

మా ఊరి సంగతి చెప్పకపోతే ఎలా? ఫార్ములా రోస్సా, 2010. ఐదు సెకన్లలోపే గంటకు 240 కిలోమీటర్లు. ముందు కూర్చున్నవాళ్లకే కాదు, అందరికీ కళ్లద్దాలు ఇస్తారు, ఇసుక రేణువు కంట్లో పడితే కష్టం కాబట్టి. ఎత్తు 52 మీటర్లు మాత్రమే. అంటే కింగ్డా కా లాగా గోపురానికి ధారపోయలేదు. రెండు కిలోమీటర్లకు పైగా దారి ఉంది. పట్టాలపిచ్చి గారి పరీక్షలో మేం నెగ్గినట్టేనా?


పట్టాలపిచ్చి | కొలోన్

లేదు. ఎక్కాను కాబట్టి చెబుతున్నాను. మొదటి ఐదు సెకన్లు జీవితంలో మర్చిపోలేనివి. ఆ తరువాత పెద్ద పెద్ద మలుపులు, వాటి మధ్య చిన్న గుట్టలు. వేగం ఉందని గాలి చెబుతుంది గాని మలుపు చెప్పదు. ఎందుకో మాస్టారు వివరిస్తే బాగుంటుంది.


మోటారుమాస్టారు | విశాఖపట్నం

వివరించేదేముంది, వర్గపు లెక్క. మలుపులో శరీరం మీద పడే ఒత్తిడి వేగపు వర్గానికి అనులోమం, వ్యాసార్ధానికి విలోమం. మలుపు వల్ల వచ్చే భారం 4 జీ (మామూలు భూమ్యాకర్షణకు నాలుగు రెట్లు) మించకూడదని అనుకుందాం. టారోన్ వేగం సెకనుకు 32.5 మీటర్లు, 27 మీటర్ల వ్యాసార్ధం సరిపోతుంది. ఫార్ములా రోస్సా వేగం 66.7 మీటర్లు, 113 మీటర్లు కావాలి. వేగం రెట్టింపు, మలుపు నాలుగు రెట్లు. 27 మీటర్లంటే ఒక ఇంటి చుట్టూ తిరగడం, 113 మీటర్లంటే ఒక స్టేడియం చుట్టూ తిరగడం. కంటికి పక్కన ఏదీ దూసుకుపోదు, కాబట్టి వేగం తెలియదు. 240 వేగంలో మెలికల దారి వేయడం ఎవరి తరమూ కాదు.

సౌదీలో కిద్దియాలోని ఫాల్కన్స్ ఫ్లైట్ గంటకు 250 కిలోమీటర్లు, నాలుగు కిలోమీటర్లకు పైగా పట్టా. అక్కడ కొండ అంచు ఉంది కాబట్టి ఆ వేగానికి తగిన నేల దొరికింది. అలాంటి నేల లేని చోట ఆ వేగం నేల విడిచిన సాము.


ఎడారిగాలి | అబుదాబి

మాస్టారూ, మలుపు ఒక్కటే వేగానికి కొలత అయితే విమానంలో తలుపు తీసి కూర్చున్నా విసుగే అన్నట్టుంది. గాలి దెబ్బ కూడా అనుభవమే. కళ్లద్దాలు పెట్టుకుని మరీ తింటున్న గాలి దెబ్బ!


క్యూలైన్ | కొలంబస్, ఒహాయో

మధ్యలో ఒక చిక్కు ప్రశ్న. ఒకే వేగం, రెండు పద్ధతులు. జపాన్‌లో ఫుజీ క్యూ పార్కు డోడోడోంపా 2017 మార్పుల తరువాత 1.56 సెకన్లలో గంటకు 180 కిలోమీటర్లు అందుకునేది, సంపీడన గాలితో. స్పెయిన్‌లో ఫెరారీ ల్యాండ్ రెడ్ ఫోర్స్ అదే 180ని 5 సెకన్లలో అందుకుంటుంది, అయస్కాంతాలతో. ఏది మంచి లాంచ్?


మోటారుమాస్టారు | విశాఖపట్నం

సగటు తీసుకుంటే జపాన్‌ది 3.3 జీ దగ్గర, స్పెయిన్‌ది ఒక్క జీ. దారి పొడవు చూస్తే జపాన్‌కు సుమారు 40 మీటర్లు చాలు, స్పెయిన్‌కు 125 మీటర్లు కావాలి. స్థలం తక్కువ ఉన్న పార్కుకు గాలి లాంచ్ ఆశ పెడుతుంది. కానీ శరీరం ఒక్కటే కదా. డోడోడోంపా ఎక్కినవారిలో కొందరు ఎముకలు విరిగాయని ఫిర్యాదు చేయడంతో 2021 ఆగస్టులో దాన్ని ఆపారు. 2024లో శాశ్వతంగా మూసేస్తున్నట్టు ప్రకటించారు. కారణం లాంచ్ ఒక్కటేనని నేను అనను. అంత తక్కువ సమయంలో అంత వేగం ఇవ్వడం వల్ల కూర్చున్న తీరులో చిన్న తేడా కూడా పెద్దదవుతుందని మాత్రం అంటాను.

వేగం పెరిగే తీరు కూడా చూడాలి. గాలి, హైడ్రాలిక్ లాంచ్‌లు మొదట్లోనే గట్టిగా తన్నుతాయి. అయస్కాంతపు లాంచ్‌లో ప్రతి గజానికీ ఎంత బలం ఇవ్వాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. తొలి తరంలో, 1996 ప్రాంతంలో, పట్టా మీది తీగచుట్టలు రైలుకున్న అల్యూమినియం రేకులో ప్రవాహాన్ని ప్రేరేపించి నెట్టేవి. వేడి ఎక్కువ, వృథా ఎక్కువ. తరువాతి తరంలో రైలుకు శాశ్వత అయస్కాంతాలు పెట్టారు, పట్టా చుట్టలు రైలు స్థానాన్ని చూసుకుంటూ వరసగా వెలుగుతాయి. దీనికి తాడు లేదు, డ్రమ్ము లేదు. దారిలో ఎక్కడ కావాలంటే అక్కడ, ఎన్ని కావాలంటే అన్ని. లేఅవుట్ గీసేవాడి చేతికట్లు అప్పుడు తెగాయి. టారోన్ గాని హాగ్రిడ్ గాని 1990లో ఎవరికైనా తోచినా కట్టగలిగేవారు కాదు.


ఎడిసన్‌వాసి | న్యూజెర్సీ

చేతికట్లు తెగాక ఏం చేశారో చూడండి. ప్రతి కొత్త కోస్టర్‌లోనూ ముందుకు, వెనక్కి, మళ్లీ ముందుకు ఊయల లాంచ్. వర్జీనియాలో 2022లో పాంథియాన్, ఫ్రాన్స్‌లో 2023లో టూటాటిస్, ఒహాయోలో టాప్ థ్రిల్ 2. రాబోయేవీ అవే. ఒక్క టాప్ హ్యాట్ మూస అని మమ్మల్ని అన్నారు, ఇది మూస కాదా?


సీతాఫలం | డాలస్

ఈ ఒక్క విషయంలో ఎడిసన్‌వాసి గారి పక్షం. ఊయల లాంచ్ మొదటిసారి బాగుంటుంది. మూడో పార్కులో కూడా అదే అయితే తరువాత ఏం జరుగుతుందో ముందే తెలుస్తుంది.


క్యూలైన్ | కొలంబస్, ఒహాయో

టాప్ థ్రిల్ 2 సంగతి వేరు, దాన్ని ఆ జాబితాలో కలపకండి. అది ఫ్యాషన్ కోసం చేసింది కాదు. 2021 ఆగస్టులో పాత డ్రాగ్‌స్టర్ రైలు నుంచి ఊడిన లోహపు ముక్క తగిలి వరుసలో ఉన్న ఒక మహిళ తీవ్రంగా గాయపడ్డారు. ఆ తరువాత అది పాత రూపంలో మళ్లీ తెరుచుకోలేదు. 128 మీటర్ల టాప్ హ్యాట్ నిలబడి ఉంది, హైడ్రాలిక్ యంత్రాన్ని వదిలేయాలి, ఎదురుగా ఉన్న తిన్నని దారి పొడవు పెరగదు. అదే దారి పొడవులో అయస్కాంతాలతో ఒకే ఊపులో పైకి పంపడం కష్టం. అందుకే వెనుక కూడా 128 మీటర్ల నిలువు పట్టా కట్టి, రైలును మూడుసార్లు అదే చుట్టల మీదుగా పంపారు. గంటకు 119, 163, చివరికి 193 కిలోమీటర్లు. 2024 మేలో తెరిచిన కొద్ది రోజులకే రైళ్లలో సమస్యతో మూసేశారు, 2025లో మళ్లీ మొదలైంది.


మోటారుమాస్టారు | విశాఖపట్నం

ఈ మూడు అంకెలు ఎంత అందంగా ఉన్నాయో గమనించారా! శక్తి వేగపు వర్గంతో పెరుగుతుంది కదా. చివరి వేగానికి కావలసిన శక్తిలో మొదటి నెట్టు సుమారు 38 శాతం, రెండోది 33, మూడోది 29. రాపిడిని పక్కన పెడితే మూడు నెట్లూ ఇంచుమించు సమానం. అంటే చుట్టలు ప్రతిసారీ దాదాపు ఒకే బలం ఇస్తున్నాయి. ఒకే దారిని మూడు రెట్లు పొడవుగా వాడుకున్నారన్నమాట. దీన్ని కట్టినవాళ్లకు దండం పెట్టాలి.


క్యూలైన్ | కొలంబస్, ఒహాయో

దండం పెట్టండి మాస్టారూ, కానీ వరుసలో నిలబడి పెట్టండి. మూడు ఊపులూ అయ్యేవరకు రెండో రైలు ఆ దారిలోకి రాలేదు. దిక్కుమార్పు పట్టా ఉంది కాబట్టి పక్కన సిద్ధంగా నిలబడుతుంది, అంతే. నేను పైన చెప్పిన బ్లాకుల లాభం ఊయల లాంచ్‌లో తిరగబడుతుంది. విడివిడిగా రెండు చోట్ల రెండు లాంచ్‌లు పెడితే రైళ్లు ఒకదాని వెనుక ఒకటి సాగుతాయి. ఒకే చోట మూడు ఊపులు పెడితే తక్కిన రైళ్లు కాపలా కాస్తాయి. స్థలం, డబ్బు తక్కువ ఉన్న పార్కులకు ఊయల మేలు. స్థలం ఉన్నవాళ్లు కూడా అదే పెట్టుకుంటే నాకు అర్థం కాదు.


పట్టాలపిచ్చి | కొలోన్

ఊయలను నేనూ సమర్థించడం లేదు. నేను మొదట అడిగింది నెట్టిన తరువాతి మూడు సెకన్ల గురించి. దానికి మంచి ఉదాహరణ ఒకటి ఎవరూ ఎత్తలేదు. టాప్ థ్రిల్ 2 ఉన్న ఒహాయో పార్కు సీడార్ పాయింట్‌లోనే 2007 నాటి మావెరిక్. ఎత్తు 32 మీటర్లు, నేలను అంటిపెట్టుకుని మెలికలు తిరిగే దారి. మధ్యలో సొరంగంలో రెండో లాంచ్, గంటకు 113 కిలోమీటర్లు. సొరంగం దాటాక మొదట గీసిన బొమ్మలో ఒక మెలితిరుగుడు ఉండేది. పరీక్షల్లో రైళ్ల మీద ఒత్తిడి మరీ ఎక్కువగా పడుతోందని తేలింది. ప్రారంభం వాయిదా వేసి, ఆ ముక్కను పీకేసి, మామూలు మలుపు పెట్టారు. గరిష్ఠ వేగం ఉన్న చోట బిగువైన మెలిక పెట్టకూడదని నేర్పిన పాఠం అది. ఆ తరువాత ఇంటమిన్ వాళ్ల లేఅవుట్‌లలో రెండో లాంచ్ వెనుక ఏముందో చూడండి. 2021లో ఒర్లాండోలో వచ్చిన వెలాసికోస్టర్‌లో రెండో లాంచ్ తరువాత నేరుగా 47 మీటర్ల టాప్ హ్యాట్. వేగాన్ని ముందు ఎత్తుగా మార్చి, దిగాక తలకిందులుగా తేలుతూ సాగే పొడవైన పట్టా, మెలిక మాత్రం ఆఖరున చెరువు మీద. అదే మెలిక, సరైన చోట.


సీతాఫలం | డాలస్

ఆ చెరువు మీది మెలికలో నేను కళ్లు మూసుకోలేదని ఇక్కడ నమోదు చేస్తున్నాను. మా అబ్బాయి మూసుకున్నాడు.

పట్టాలపిచ్చి గారూ, ఆ పక్కనే ఉన్న హల్క్‌ను మర్చిపోయారా? 1999. ఎక్కుతున్న వాలు మీద గొట్టంలో టైర్ల చక్రాలు రెండు సెకన్లలో 64 కిలోమీటర్ల వేగానికి తోస్తాయి. బయటికి రాగానే తలకిందులు. మీ మావెరిక్ సూత్రం ప్రకారం అది తప్పు కావాలి. పాతికేళ్లుగా జనం అదే ఇష్టపడుతున్నారు.


మోటారుమాస్టారు | విశాఖపట్నం

తప్పు కాదమ్మా. అక్కడ 64 కిలోమీటర్ల వేగం ఎత్తెక్కడంలోనే అరిగిపోతుంది, మెలిక దగ్గర రైలు నిదానంగా ఉంటుంది. అసలు వేగం ఆ తరువాతి దిగుడులో వస్తుంది. చెప్పాలంటే హల్క్‌లో లాంచ్ పని గొలుసు పనే, నిమిషం బదులు రెండు సెకన్లలో. సూత్రం లాంచ్ పక్కన మెలిక పెట్టకూడదని కాదు, గరిష్ఠ వేగం పక్కన పెట్టకూడదని.


ఎడారిగాలి | అబుదాబి

స్వీడన్‌లో హెలిక్స్ ఎక్కినవాళ్లు ఎవరూ లేరా? స్టేషన్ కొండ మీద ఉంది. బయల్దేరగానే లాంచ్ లేదు, వాలు మీద జారి ఒకసారి తలకిందులై, ఆ తరువాతే మొదటి లాంచ్‌లోకి వస్తుంది. మొదటి లాంచ్ నుంచే లెక్క మొదలవుతుందన్న మీ అందరి ఊహను అది 2014లోనే కొట్టిపడేసింది. ఏడు తలకిందులు, రెండు లాంచ్‌లు, 1,381 మీటర్లు, అన్నీ కొండవాలును పట్టుకుని. ఎడిసన్‌వాసి గారు చెప్పిన నిరీక్షణ లేదు, పట్టాలపిచ్చి గారు చెప్పిన రెండో నెట్టు ఉంది.


పట్టాలపిచ్చి | కొలోన్

హెలిక్స్ మాక్ అనే తయారీ సంస్థది. నేల ఇచ్చినదాన్ని పూర్తిగా వాడుకున్న కోస్టర్ అది, అందులో సందేహం లేదు. కానీ దాని రెండో లాంచ్ మొదటిదాని అంత గుర్తుండదు. టారోన్‌లో రెండోది వచ్చినప్పుడు రైలు మొత్తం ఒక్కసారిగా అరుస్తుంది. పక్క వంతెన మీద వరుసలో నిలబడినవాళ్లు కూడా అరుస్తారు. లాంచ్ దారి తిన్నగా ఉండాలి కాబట్టి చూడటానికి చప్పగా ఉండే ముక్క అది. కొందరు సొరంగంలో దాచేస్తారు. ఇక్కడ దాన్నే రంగస్థలం చేసి, వరుసను దాని చుట్టూ తిప్పారు.


నిర్వాహకులు

చర్చ బాగా సాగుతోంది. రైలు తయారీ సంస్థల షేర్ల గురించి ఎవరో పెట్టిన సందేశాన్ని తొలగించాం. దానికి వేరే విభాగం ఉంది.


ఎడిసన్‌వాసి | న్యూజెర్సీ

మాస్టారి లెక్కలు, క్యూలైన్ గారి బ్లాకులు చదివాక కూడా నా మాట మారలేదు. మీరు చెప్పినవన్నీ మంచి లేఅవుట్‌లే. అందులో ఏదీ రోడ్డు మీద కారులో వెళ్తున్నవాడిని పార్కులోకి మళ్లించదు. ఆ ఆకుపచ్చ గోపురం మళ్లించేది. పార్కుకు ఒక్క కోస్టరే ఉంటే టారోన్ కట్టుకోండి. పన్నెండు ఉన్న పార్కులో పదమూడోది గోపురమైతే తప్పేమిటి? మెలికల కోసం మిగతా పన్నెండూ ఉన్నాయిగా.


పట్టాలపిచ్చి | కొలోన్

ఇది కాస్త ఆలోచించాల్సిన మాట. ఒక్కో కోస్టర్‌ను విడిగా చూస్తున్నాను, మీరు పార్కు మొత్తాన్ని ఒక లేఅవుట్‌గా చూస్తున్నారు. అయినా తీసేసింది కూడా గోపురాన్నే కదా. నిలబెట్టడానికి అయ్యే ఖర్చు, యంత్రం ఆగిపోయే రోజులు పార్కు లెక్కలో ఉంటాయి.


రావిర్యాల రాజు | హైదరాబాద్

వచ్చే నెల స్నేహితులతో ఇమాజికా వెళ్తున్నాం. డీప్ స్పేస్‌లో ఏ వరుసలో కూర్చోమంటారు? లాంచ్ ముందు వరుసలో బాగుంటుందా, వెనుకా?


మోటారుమాస్టారు | విశాఖపట్నం

లాంచ్‌లో తేడా ఉండదు బాబూ, రైలంతా ఒకే ఇనుప ముక్కలా కదులుతుంది, అందరికీ అదే తోపు. తేడా వచ్చేది గుట్ట దాటేటప్పుడు. శిఖరం దగ్గర రైలు సగం అటు దిగాక మిగతా సగాన్ని లాక్కుంటుంది, కాబట్టి వెనుక వరుసకు దిగుడు మొదట్లోనే ఎక్కువ వేగం. ముందు వరుస కాసేపు అంచున వేలాడుతుంది. చీకటి రైడ్ కాబట్టి ముందు కూర్చున్నా కనిపించేది తక్కువే. వెనుక కూర్చోండి. తల వెనక్కి సీటుకు ఆనించి పెట్టుకోండి, వదిలేముందే.


ఎడిసన్‌వాసి | న్యూజెర్సీ

మాస్టారి మాట వినకండి రాజు గారూ. లాంచ్ కోస్టర్‌కు ముందు వరుసే.


రావిర్యాల రాజు | హైదరాబాద్

రెండుసార్లు ఎక్కుతాను.